ఒక చెయ్యి తలుపుది

సంచి పెట్టెలో లేదు.

పద్మాక్షి కూతురి ట్రాలీ పెట్టెను మంచం మీద బోర్లించి చూసింది. ఎయిర్‌హోస్టెస్ యూనిఫాం కోటు, మేజోళ్లు, పిన్నుల డబ్బా, పొగ వాసన వదలని స్కార్ఫ్. అంతే.

"ప్రియా, సంచి యాడ పెట్టినావు?"

రంగప్రియ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పద్నాలుగు రోజులుగా అదే కుర్చీ, అదే కిటికీ. ఆ రోజు పొగ కమ్మిన విమానం దగ్గర అరిచిన అరుపులే ఆ గొంతులోంచి వచ్చిన చివరి మాటలు. ఇంటికి వచ్చాక అన్నానికి తలూపుతోంది, మాత్రకు తలూపుతోంది. మాట లేదు.

పద్మాక్షి ఫోన్ తీసి కూతురి ముఖం ముందు పెట్టింది. పాత శిష్యురాలొకతె నిన్న పంపిన వీడియో. మొత్తం ఎనిమిది సెకన్లు. రన్‌వే పక్కన పొగ కక్కుతున్న విమానం. వెనక తలుపు నుంచి నేలదాకా జారిన స్లైడ్. దాని మీద జనం. వాళ్ల మధ్యలో, వెల్లకిలా పడి జారుతూ రంగప్రియ. గుండెల మీద రెండు చేతులతో అదుముకున్న పసుపు సంచి.

"సిబ్బంది చివర్న దిగాల. నువ్వు మధ్యలో దిగినావు. తోసేసినారు, సరే. నీ రెండు చేతులూ సంచి మీద ఎందుకుండాయి? ఒక చెయ్యి తలుపుది, ఒక చెయ్యి మనిషిది. ఎన్ని వందల మందికి నేర్పినానే నేను ఆ మాట! నా కూతురే మర్చిపోయిందా?"

విమానం తలుపు పక్కన గోడకు ఒక పిడి ఉంటుంది. ప్రాణభయంతో వచ్చే జనం ఎవరినీ చూడరు, తోసుకుంటూ వస్తారు. అందుకని సిబ్బంది ఎడమ చెయ్యి ఆ పిడిని వదలకూడదు. కుడి చెయ్యి ప్రయాణికుల వీపు మీద ఉండాలి. వడమాలపేట దగ్గర తను నడిపే శిక్షణ కేంద్రంలో పంతొమ్మిదేళ్లుగా పద్మాక్షి మొదటి రోజు మొదటి గంటలో చెప్పే పాఠం అదే.

రంగప్రియ వీడియో చూడలేదు. కళ్లు మూసుకుంది.

మంచం మీద ఆ కాగితం ఉంది. విమాన కంపెనీ అధికారి పరాశర్ పంపిన వాంగ్మూలం. ఒకటే పేజీ. "ప్రయాణికురాలు శకుంతలమ్మ, వయసు అరవై ఎనిమిది, పదేపదే చెప్పినా సంచి వదలడానికి నిరాకరించి తిరిగి లోపలికి వెళ్లారు." కింద గీత. గీత కింద రంగప్రియ పేరు. సాయంత్రం ఐదుకల్లా సంతకం పెట్టి పంపాలి. నూట అరవై ఇద్దరిలో నూట అరవై ఒక్కరు బతికారు. మిగిలిన ఆ ఒక్కరి గురించి ఒక్క వాక్యం.

"ఆ సంచి ఇంకెవరి కంటా పడకూడదు," అంది పద్మాక్షి గొంతు తగ్గించి. "యాడుండాదో చెప్పు. మిగతాది నేను చూసుకుంటా."

అప్పుడే హాల్లోంచి భర్త గొంతు వినపడింది.

"తీసుకోప్పా, మొగమాటమెందుకు? కొండ ప్రసాదం. చెయ్యి పట్టు."

పద్మాక్షి హాల్లోకి వచ్చేసరికి వేంకటాచలపతి స్టీలు డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు. కొండ మీద దేవస్థానం ఆఫీసులో ముప్పై ఏళ్ల నౌకరీ ఆయనది. ఇంటికి వచ్చిన మనిషిని ప్రసాదం పెట్టకుండా పంపడం ఆయనకు చేతకాదు. ఎదురుగా కుర్చీలో నలభై ఏళ్ల మనిషి. నున్నటి గుండు. మీసం కూడా లేదు. అరచేతిలో పడిన లడ్డు ముక్కను కళ్లకద్దుకుని, సగం తుంచి నోట్లో వేసుకున్నాడు.

"నీ కోసమే వచ్చినారు పద్మా," అన్నాడు వేంకటాచలపతి. "ఎవురో ఆడబిడ్డను ట్రైనింగులో చేర్చేకనుకుంటా. దర్శనం చేసుకోని నేరుగా ఇట్లే వచ్చినట్టుండారు. ఏమప్పా, దర్శనం బాగయిందా? ఎన్ని గంటలు పట్టింది?"

"నేను కొండకు పోలేదు స్వామీ."

"మరి గుండు?"

"అమ్మ పోయింది. మొన్ననే పెద్దకర్మ అయింది."

వేంకటాచలపతి చేతిలో డబ్బా మూత సగంలో ఆగిపోయింది. రోజుకు వేల గుండ్లు చూసే ఊరు. గుండుకు ఇంకో అర్థం ఉంటుందన్న సంగతి ఆయనకు తట్టలేదు.

"తప్పయిపోయిందప్పా. ఎవరు అమ్మ?"

"శకుంతలమ్మ. చిత్తూరు. మాది బెల్లం మండీ." ఆ మనిషి పద్మాక్షి వైపు తిరిగి ఒక చేత్తోనే దండం పెట్టాడు. "ఆ విమానంలో పోయినామె, మేడం. నేను కొడుకుని. భానుచందర్."



పద్మాక్షి కళ్లు స్టీలు డబ్బా మీద పడ్డాయి.

"ఆ లడ్లు యాడివండీ?"

"ప్రియ పెట్టెలోవి," అన్నాడు వేంకటాచలపతి. "ఆ పొద్దు డ్యూటీకి పోతా వుంటే నేనిచ్చినానే, అవే. బట్టలు నానబెడదామని పెట్టె తీస్తే కనపడినాయి. సంచి పొగ వాసన కొడతా వుంటే ఉతికి ఆరేసినా. లడ్లు మాత్రం కవర్లో ఉండి బాగుండాయి. ఎదురింటి మునిరత్నమ్మకు ఒకటిచ్చినా, పాలాయనకు ఒకటి..."

ఆయన మాట పూర్తి కాలేదు. భానుచందర్ కుర్చీలోంచి లేచాడు. అతను చూస్తున్నది డబ్బా వైపు కాదు, వరండా వైపు.

దండెం మీద, వేంకటాచలపతి పంచెకూ తువ్వాలుకూ మధ్య, తలకిందులుగా ఒక పసుపు సంచి ఆరుతోంది.

"ఆ మంజపై సంచి..." అన్నాడు భానుచందర్. దగ్గరికి వెళ్లి, రెండు వేళ్లతో అంచు పట్టుకుని తిప్పాడు. ఉతికి ఉతికి వెలిసిపోయిన ఎర్ర అక్షరాలు. పైకి చదివాడు. "సుజన, మోహన్‌కృష్ణ. కల్యాణ మహోత్సవం. చిత్తూరు."

తిరిగి చూశాడు.

"మా చెల్లెలి పెండ్లి తాంబూలం సంచి ఇది. ఎనిమిదేండ్లయింది. మంచి బ్యాగు కొనిచ్చినా మా అమ్మకు, జిప్పుది. దాన్ని బీరువాలో పెట్టి బీగమేసి, దీన్నే ఎత్తుకోని తిరిగేది. అంత మంచి బ్యాగును బయటికి తీస్తే పాడైపోతాదంట." నవ్వబోయాడు. రాలేదు. "చెల్లెలి కాడికే పోతా వుండింది. దర్శనం చేసుకోని, దానికని ప్రసాదం తీసుకోని."

తన అరచేతి వైపు చూసుకున్నాడు. సగం లడ్డు ఇంకా అక్కడే ఉంది.

"అంటే ఇది..."

జేబులోంచి రుమాలు తీశాడు. ఆ సగం లడ్డును అందులో పెట్టి, ఒక పలుకు కూడా రాలకుండా మూట కట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"సుజనకిస్తా," అన్నాడు.

వేంకటాచలపతి గోడ పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. "నేనిచ్చిన సంచి కాదా అది? పద్మా, కాదా?"

"మీరిచ్చిన లడ్లు ప్రియ సిబ్బందికి పంచేసింది," అంది పద్మాక్షి. "ఆ పొద్దే ఫోన్లో చెప్పింది. మీరు విన్లేదు."

భానుచందర్ ప్యాంటు జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు.

"కంపెనీ వాళ్లు మాకు ఉత్తరం పంపినారు. దాంట్లో మీ పాప పేరు చూసి వెతుక్కోని వచ్చినా. మా అమ్మ సంచి వదల్లేదంట. పాప చెప్పిన మాట విన్లేదంట. అందుకని పోయిందంట. సంచేమో బయటికొచ్చింది. మా అమ్మ లోపల ఉండిపోయింది. ఇదెట్లా మేడం?"

పద్మాక్షికి క్లాసులో మాట్లాడే గొంతు వచ్చేసింది. "చూడండి, పొగలో తొంభై సెకన్లు కూడా టైముండదు. ఎవరి వస్తువు ఎవరి చేతికి వస్తుందో ఎవరూ చెప్పలేరు. ఆ ఒత్తిడిలో..."

"నేను చదివింది ఇంటరు మేడం. మీరు చెప్పేది నాకు తెలీదు. మా అమ్మ నాకు తెలుసు." అతను గొంతు పెంచలేదు. "రేణిగుంటలో లోపలికి పంపిస్తా ఒకటే మాట చెప్పినా. అమ్మా, మొదటిసారి ఎక్కతా వుండావు, భయపడొద్దు. ఆ బట్టలేసుకున్న పాప ఏం చెప్తే అది చెయ్యి. కూర్చోమంటే కూర్చో. లెయ్యమంటే లెయ్యి. సరే నాయనా అనింది. మా అమ్మ సరే అనిందంటే సరే. మాట విన్లేదని రాసినారే, అది మాత్రం నేను ఒప్పుకోను."

వేంకటాచలపతి తల ఎత్తాడు.

"పద్మా. ఈ సంచి సంగతి నీకు ముందే తెలుసా?"

"నిన్న తెలిసింది."

"తెలిసీ ఆ కాగితం మీద దాని చేత సంతకం పెట్టిస్తా వుండావా?"

"ఏం చెయ్యమంటారు? ఇరవై నాలుగేళ్లు దానికి! ఉద్యోగం పోతాది. మళ్లీ ఎవురూ విమానమెక్కనీరు. కేసయితాది. ఆ కిటికీ కాడి కుర్చీలోంచి అది జన్మలో లేస్తాదా?"

"పోయినావిడ మీద అబద్ధం రాస్తే లేస్తాదా?"

"పోయినావిడకు ఇంక పోయేదేముంది!"

అనేశాక పద్మాక్షికి తన చెవులు తనే మూసుకోవాలనిపించింది.

"పేరు పోతాది మేడం," అన్నాడు భానుచందర్ మెల్లగా. "దాన్ని కాపాడేకి నేనొక్కణ్నే ఉండాను."

ఆ మాటతో అతని చూపు పద్మాక్షి భుజం మీదుగా వెనక్కి పోయింది. గది గుమ్మంలో రంగప్రియ నిలబడి ఉంది. జుట్టు దువ్వుకోలేదు. ఎప్పటి నుంచి వింటోందో తెలియదు.

"పాపా, ఆ తలుపు కాడ ఉండింది నువ్వేనా?"

రంగప్రియ తలూపింది.

"మా అమ్మ ఆఖరున ఏమన్నా అనిందా?"

రంగప్రియ నోరు తెరిచింది. గాలి మాత్రమే వచ్చింది. రెండు చేతులూ వాటంతటవే నడుము ఎత్తుకు లేచాయి, ఏదో అందుకోబోతున్నట్టు. వాటిని చూసుకుని, గబుక్కున వీపు వెనక్కి దాచుకుంది.

భానుచందర్ ఆ చేతులనే చూస్తున్నాడు.

"నోరు రాకుంటే పోనీలే. చేసి చూపిస్తావా? మీ అమ్మగారి కాడ విమానం తలుపుండాదంట గదా. అందురికీ ఆడనే నేర్పిస్తారంట."

"కుదరదు," అంది పద్మాక్షి. "డాక్టరు చెప్పినాడు, దాన్ని ఆ సంగతిలోకి మళ్లీ..."

రంగప్రియ అప్పటికే గుమ్మం దాటి చెప్పులు వేసుకుంటోంది.

పద్మాక్షి కారు తాళం తీసుకుంది. వేంకటాచలపతి వాళ్లతో రాలేదు. చెప్పులు కూడా లేకుండా రోడ్డు దాటి ఎదురింటి గేటు కొడుతున్నాడు. "మునిరత్నమ్మా, పొద్దున నేనిచ్చిన ప్రసాదం తినేసినారా? తినేసినారా అమ్మా?"

*

కారు రేణిగుంట దాటింది. భానుచందర్ వెనక సీట్లో, ఒళ్లో తడారని పసుపు సంచితో కూర్చున్నాడు. వచ్చేటప్పుడు డబ్బాలో మిగిలిన ఒక్క లడ్డును మళ్లీ ఆ సంచిలోనే పెట్టుకున్నాడు. విమానాశ్రయం వైపు నుంచి ఒక విమానం లేచి కొండల మీదుగా తిరిగింది. ముగ్గురిలో ఎవరూ తలెత్తి చూడలేదు.

ఫోన్ మోగింది. పరాశర్. కారు స్పీకరులో అతని గొంతు చాలా మర్యాదగా ఉంది.

"మేడం, ఐదుకు ఫైలు విచారణ వాళ్లకు వెళ్లిపోవాలి. అమ్మాయి సంతకం పెట్టిందా? మీకు నేను చెప్పాల్సిన పని లేదు. మీ కేంద్రం అనుమతి పునరుద్ధరణ కాగితాలు కూడా ఇక్కడే ఉన్నాయి. శిక్షణ లోపం అన్న మాట ఎక్కడా రాకూడదు కదా. అది మీకూ మంచిది కాదు, మాకూ మంచిది కాదు."

"పంపిస్తా," అంది పద్మాక్షి. ఫోన్ పెట్టేసింది.

అద్దంలో భానుచందర్ కళ్లు కనపడ్డాయి. అతను ఏమైనా అనుంటే బాగుండేది.

శిక్షణ కేంద్రం దగ్గర కాపలా వెంకటముని షెడ్డు తలుపు నెట్టి, రంగప్రియను చూసి, "చిన్నమ్మా, బాగుండావా?" అన్నాడు. ఆమె ముఖం చూసి పక్కకు తప్పుకున్నాడు.

లోపల గోడ నిండా ఫోటోలు. పులికాట్ సరస్సులో నడుము లోతు నీళ్లలో లైఫ్ జాకెట్లతో రబ్బరు తెప్ప ఎక్కుతున్న పిల్లలు. పక్కనే జాలరి కుప్పయ్య పడవ. పడవలో కూర్చుని, వీళ్ల అవస్థ చూసి పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్న కుప్పయ్య. విమానం నీళ్లలో దిగితే ఎలా బతకాలో నేర్పే పాఠం అది. ఒక ఫోటోలో రంగప్రియ ఉంది. తడిసిన జుట్టుతో, బొటనవేలు పైకెత్తి.

షెడ్డు మధ్యలో విమానం. నిజానికి విమానం తోక వైపు ముక్క. తుక్కుకింద కొన్న శరీరం, ఆరు వరసల సీట్లు, అసలైన వెనక తలుపు. తలుపు నుంచి ఇసుకలోకి దిగే స్లైడ్. ఒక మూల, ప్రయాణికుల సామాను పాత్ర పోషించే మూడు సూట్‌కేసులు, ఒక లాప్‌టాప్ బ్యాగు. చంటిబిడ్డ పాత్రకు గుడ్డ చుట్టిన దిండు.

"మీ అమ్మగారు ఇరవై ఎనిమిదో వరసలో," అంది పద్మాక్షి. "తలుపు నుంచి రెండో వరస. అదో, అక్కడ."

భానుచందర్ వెళ్లి కూర్చున్నాడు. సంచి ఒళ్లో పెట్టుకున్నాడు. బెల్టు ఎలా పెట్టుకోవాలో తెలియక రెండు ముక్కలూ పట్టుకుని చూస్తుంటే రంగప్రియ వంగి పెట్టింది. బహుశా ఆ రోజు కూడా అలాగే పెట్టి ఉంటుంది.

తర్వాత తలుపు దగ్గరికి నడిచింది. చూడకుండానే ఆమె ఎడమ చెయ్యి పిడి మీద పడింది.

"మునీ, లైట్లు తియ్యి. పొగ వదులు," అంది పద్మాక్షి. సీట్ల పక్కన దారిలో నిలబడి, గంట కొట్టింది.

తెల్లటి పొగ పైకప్పు నుంచి కిందికి దిగింది. పరీక్షలకు వాడే పొగే, ప్రమాదం లేనిదే. అయినా కళ్లు మండాయి.

అప్పుడు వచ్చింది ఆ గొంతు.

"బెల్టు తియ్! అన్నీ వదిలెయ్! ఇటు రా! దుంకు!"

పద్నాలుగు రోజుల తర్వాత. కంపెనీ ఇంగ్లీషులో, హిందీలో నేర్పే అరుపులకు పద్మాక్షి తెలుగులో జతచేసిన నాలుగు మాటలవి. రండి అనకు, రా అను. 'అండి'కి టైము లేదు. మర్యాద నేల మీదికి దిగినాక. అలా చెప్పి ఈ షెడ్డులో పిల్లలను నవ్వించేది.

"అన్నీ వదిలెయ్! ఇటు రా! దుంకు!"

భానుచందర్ లేచాడు. పొగలో తడుముకుంటూ, సంచి గుండెలకు అదుముకుని వచ్చాడు. తలుపు దగ్గర ఆగాడు.

"వదిలెయ్!"

అతను వదల్లేదు. నటిస్తున్నట్టు లేడు. తల్లి ఏమని ఉంటుందో కొడుక్కి ఒకరు చెప్పాలా?

"స్వామి ప్రసాదం పాపా. యాడ పడెయ్యమంటావు? అందురూ తొక్కతారే."

రంగప్రియ ఎడమ చెయ్యి పిడిని వదిలింది.

పద్మాక్షి చూసింది. తన కళ్లతో చూసింది. ఎడమ అరచెయ్యి కిందికి వచ్చింది, దాని మీద కుడి అరచెయ్యి చేరింది, రెండూ కలిసి దొప్పలా ముందుకు చాచుకున్నాయి.

ఆ భంగిమ ఆమెకు కొత్త కాదు. మూడేళ్ల పిల్ల ఒక చేత్తో ప్రసాదం పట్టబోతే, ఆ చిన్న చేతి మీద ఒక్కటి వేసింది పద్మాక్షే. రెండు చేతులూ పట్టు, కింద పడితే కళ్లు పోతాయి. పిల్ల ఏడుస్తూనే రెండు చేతులూ పట్టింది. మళ్లీ జన్మలో మర్చిపోలేదు.

ఇరవై రెండేళ్లప్పుడు ఇంకో పాఠం నేర్పింది. ఒక చెయ్యి తలుపుది.

రెండు పాఠాలూ తనవే. పొగలో ఏది ముందు వస్తుందో తను పరీక్షించలేదు. రేణిగుంటలో విమానమెక్కే ప్రతి ఇద్దరిలో ఒకరి చేతిలో లడ్డు సంచి ఉంటుంది. పంతొమ్మిదేళ్లలో ఈ షెడ్డులో ఒక్కసారి, ఒక్కసారైనా, సూట్‌కేసు బదులు దాన్ని పెట్టి నేర్పాలని తట్టలేదు. సూట్‌కేసును ఎవరైనా విసిరేస్తారు. తన కూతురూ విసిరేసింది. ఆ పరీక్షలో నూటికి తొంభై ఎనిమిది వేసింది తను.

రంగప్రియ సంచి అందుకుంది. కళ్లకద్దుకోలేదు గానీ, అద్దుకోబోయి ఆగింది. అరిచే గొంతు పోయింది. ఇంట్లో మాట్లాడే గొంతు వచ్చింది.

"ఈడే ఉండమ్మా. ఇది పైన పెట్టొచ్చేస్తా."

వెనక అలమార వైపు తిరిగింది. ఒక్క అడుగు వేసి, బిగుసుకుపోయింది.

"అప్పుడే తోసినారు," అంది. గొంతు గీరుకుపోతోంది. "ఒకేసారి నలుగురైదుగురు. నేను పిడి పట్టుకోలేదు. కిందికొచ్చినాకనే నాకు తెలిసింది. స్లైడ్ మీద పైకెక్కబోయినా. ఫైర్ వాళ్లు నడుము పట్టుకోని లాగేసినారు. ఆమె లోపలుండాదని అరిచినా. అందురూ అరస్తా వుండారు."

భానుచందర్ ఆమె చూపిన చోటే నిలబడి ఉన్నాడు, తలుపుకూ గోడకూ మధ్య మూలలో.

"ఈడనా?"

"ఇంకొంచెం ఇట్లా."

జరిగాడు. గోడకు ఆనుకున్నాడు. అక్కడి నుంచి తలుపు రెండడుగులు. చెయ్యి చాపితే పిడి అందుతుంది.

"దుంకమని నేను చెప్పలేదన్నా," అంది రంగప్రియ. "మిగతా అందురికీ చెప్పినా. ఆమెకు ఉండమని చెప్పినా. ఆమె ఉండింది."

పొగ యంత్రం తనంతట తనే ఆగింది. వెంకటముని లైట్లు వేశాడో లేదో ఎవరూ గమనించలేదు.

భానుచందర్ అరచెయ్యి గోడ మీద పెట్టి అలాగే ఉన్నాడు.

"పాప చెప్పిన మాట వినమని చెప్పి పంపించింది నేనే పాపా."

ఇద్దరూ ఏడవలేదు. ఏడుపంతా పద్మాక్షికే వచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఇరవై తొమ్మిదో వరస సీటు అంచు మీద కూర్చుండిపోయింది.

"నీ మింద కోపం లేదని చెప్తే అబద్ధమయితాది," అన్నాడు భానుచందర్. "ఈ పొద్దుకైతే ఉండాది. రేపు పోతాదో లేదో నాకు తెలీదు. పోయినా పోకపోయినా నాకు ఒక మాట రాసియ్యి. మా అమ్మ మాట వినిందని. అంతే. సుజనకు చూపించాల. ఆ ఉత్తరం చదివినప్పటి నుంచి అది అన్నం తినలేదు. నా కోసం తెస్తా వుండిన సంచి కోసం అమ్మ చచ్చిపోయిందా అన్నా అని రోజూ అడగతాది."

"రాస్తే దీని బతుకు..." పద్మాక్షి లేచింది. "మీకు ఆడబిడ్డల్లేరా? ఒక్క మాట, మూడు సెకన్లు, దానికి..."

"ఉండారు మేడం. ఇద్దరు."

ఫోన్ మోగింది.

పద్మాక్షి చేతిలోనే ఉంది. తెర మీద పరాశర్ పేరు. పైన టైము, నాలుగూ యాభై రెండు.

రంగప్రియ సంచిని భానుచందర్ చేతికి తిరిగి ఇచ్చింది. తలుపు దగ్గరికి వెళ్లింది. ఎడమ చేత్తో పిడి పట్టుకుంది. వేళ్ల కణుపులు తెల్లబడేలా పట్టుకుంది. కుడి చెయ్యి తల్లి వైపు చాపింది.

"ఫోను ఇటియ్యమ్మా."

"నేను మాట్లాడతా." పద్మాక్షి ఒకడుగు వెనక్కి వేసింది. "ట్రైనింగు తప్పు అని చెప్తా. నా పేరు రాసుకోమంటా. ఈ సెంటరు మూసేసుకోమంటా. ఆ మాట నిజమే, ప్రియా, నేను నేర్పలేదు. నువ్వు మాత్రం ఏం చెప్పొద్దు. ఉండమన్నావని మాత్రం చెప్పొద్దు. ఇంకెవురికీ తెలీదు గదా అది. ఈయనకు, మనకు తప్ప..."

భానుచందర్ మూలలోనే నిలబడి ఉన్నాడు.

ఫోన్ మోగుతూనే ఉంది.

"వదిలెయ్!" అని అరిచింది రంగప్రియ.

అది ఇంట్లో మాట్లాడే గొంతు కాదు. రేకుల కప్పు దద్దరిల్లింది. స్విచ్చుల దగ్గర వెంకటముని ఉలిక్కిపడి లేచాడు.

"అన్నీ వదిలెయ్! ఇటు రా!"

పద్మాక్షి తన చేతుల వైపు చూసుకుంది.

ఫోన్ ఆమె గుండెల మీద ఉంది. రెండు చేతులూ దాని మీదే ఉన్నాయి.